చేతులు కడిగే చోటును కడుగుట ఎట్లు?

పరిశుభ్రతను బోధించని మతం లేదు. పరిశుభ్రతపై ఒక పాఠమైనా లేని పాఠ్యపుస్తకం లేదు. వజూ చేయనిదే నమాజు లేదు. ఆచమనం చేయనిదే సంధ్యావందనం లేదు. కాళ్ళూ చేతులూ కడుగుకొననిదే విస్తరి ముందు కూర్చోరాదని మన పెద్దలు మనకు మాటలు వచ్చిననాటినుండి చెబుతూనే ఉన్నారు. అయితే మనం చేతులు కడుగుకొనే ఆ చోటు ఎంత శుభ్రంగా ఉన్నదని ప్రశ్నించుకొనేవారు మాత్రం అరుదు. సబ్బూ నీళ్ళూ దినమంతా పడుతూనే ఉంటాయి కనుక వాష్ బేసిను తనంతట తానే శుభ్రపడుతుందని ఒక భ్రమ మనలో పాతుకొనిపోయినది. ఆ భ్రమను తొలగించి, బేసినునూ కుళాయినీ ఏ విధంగా శుభ్రపరచుకోవాలో, ఏ విధంగా శుభ్రపరచరాదో వివరించుటే ఈ వ్యాసం ఉద్దేశం.

నాడు - నేడు

పూర్వం మన గోదావరి ప్రాంతపు ఇళ్ళలో చేతులు కడుగుకొనడానికి ప్రత్యేకమైన తొట్టి అంటూ లేదు. పెరటిలో నుయ్యి, నూతి గట్టున గాబు, గాబుమీద చెంబు - ఇంతే సరంజామా. వాడిన నీరు అరటి మొదటికో, కొబ్బరి మొదటికో పారేది. ముస్లిం కుటుంబాలలో వజూకు ముక్కుగల బద్నా ఉండేది. దావత్‌లకు పిలిచిన సంపన్న గృహాలలో ఆఫ్తాబాతో నీరు పోస్తూ, చిలమ్‌చీని క్రిందపట్టి, అతిథి కూర్చున్నచోటనే చేతులు కడిగించేవారు. ఆలోచించి చూస్తే నేటి కుళాయి ఆనాటి ఆఫ్తాబాయే. నేటి బేసిను ఆనాటి చిలమ్‌చీయే.

చేతులు కడిగించుటను ఒక కళగా భావించిన కాలం కూడా ఉన్నది. దియార్‌బకిర్ ప్రాంతపు అర్తుఖీ ప్రభువుల ఆస్థానంలో పనిచేసిన అల్-జజరీ అనే యంత్రశిల్పి 1206లో పూర్తిచేసిన తన గ్రంథంలో నెమలి ఆకారంలో ఒక హస్తప్రక్షాళన యంత్రాన్ని వర్ణించాడు. నెమలి ముక్కునుండి నీరు కారుతుంది. వాడిన నీరు అడుగున నిండుతుండగా దానిపై తేలే బెండు పైకి లేచి, ఒక బొమ్మ బయటికి వచ్చి చేతులు కడుగుకొనే పొడిని అందిస్తుంది. నీరు ఇంకా పెరిగితే మరొక బొమ్మ తువ్వాలును అందిస్తుంది.

ఆ పాత్రలకూ మన బేసినుకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. ఇత్తడి చెంబునూ, బద్నానూ, చిలమ్‌చీనీ ఇంటి ఆడవారు అంట్లతోపాటు చింతపండు పెట్టి తోమేవారు. గోడకు బిగించిన బేసిను మాత్రం అంట్ల లెక్కలోకి రాలేదు. అది గోడలో భాగమైపోయినది. గోడను ఎవరు తోముతారు?

కాకినాడ నీరు

బేసినుపై చేరే మురికిని తెలుసుకోవాలంటే ముందు మన నీటిని తెలుసుకోవాలి. కాకినాడ ఇళ్ళకు సామాన్యంగా రెండు రకాల నీరు వస్తుంది. మొదటిది మునిసిపల్ కుళాయి నీరు. ఇది గోదావరి నీరు. ధవళేశ్వరం వద్ద 1852లో ఆనకట్ట పూర్తి అయిన తరువాత విస్తరించిన తూర్పు డెల్టా కాలువల వ్యవస్థయే ఈ నీటికి ఆధారం. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు ముందుగా చెరువులలో నిల్వచేసిన నీటిని పట్టణానికి ఇస్తారు. రెండవది బోరు నీరు. సముద్రతీరాన, ఉప్పుటేళ్ళ నడుమ ఉన్న ఈ నేలలో అనేకచోట్ల భూగర్భజలం ఉప్పగానో, కఠినంగానో ఉంటుంది.

కఠినజలమంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికంగా కరిగియున్న నీరు. త్రాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ విధించిన ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చును. వేరే నీరు దొరకనిచోట 600 వరకు సహించవచ్చును. మీ ఇంటి నీరు ఎటువంటిదో తెలుసుకొనడానికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక సీసాలో సగం నీరుపోసి, సబ్బు ముక్క కొంచెం చెక్కి వేసి కుదపండి. నురుగు దట్టంగా లేచి నిలిస్తే అది మృదుజలం. నురుగు రాక తెల్లని తరకలు తేలితే అది కఠినజలం.

కుళాయి మొదట, బేసిను అంచులపై కనిపించే తెల్లని గట్టి పొరను మనం గార అంటాము. నీటిలో కరిగియున్న కాల్షియం బైకార్బొనేట్, నీటిబొట్టు ఆరిపోయేటప్పుడు కార్బన్ డయాక్సైడును వదలి, కరగని కాల్షియం కార్బొనేట్‌గా మిగిలిపోతుంది. మన తీరప్రాంతంలో గుల్లలను కాల్చి గుల్లసున్నం చేయడం అందరికీ తెలిసినదే. ఆ గుల్లలలో ఉన్నదీ, ఈ గారలో ఉన్నదీ ఒకటే పదార్థం. ఒక్క బొట్టు ఆరితే కనిపించని చార. వేయి బొట్లు ఆరితే రాయి.

మురికిలో రకాలు

బేసినులోని మురికి అంతా ఒకటే కాదు. ఏది ఏదో తెలియక ఒకే మందుతో అన్నిటినీ వదిలించబోవుటే మన ప్రథమ దోషం.

మొదటిది జిడ్డు. చేపల కూర తిన్న చేతినుండి వచ్చిన నూనె, కాకినాడ కాజా తిన్న చేతినుండి వచ్చిన నెయ్యీ పాకమూ, శరీరపు చెమట - వీటితోపాటు సబ్బు కూడా జిడ్డుగా మారుతుంది. సబ్బు కఠినజలంలోని కాల్షియంతో కలిసి కరగని తరకగా బేసినుకు అంటుకొంటుంది.

రెండవది పైన చెప్పిన గార. ఇది ఆమ్లానికి మాత్రమే లొంగుతుంది. సబ్బుతో ఎంత తోమినా చలించదు.

మూడవది పాచి. నీరు పోయే రంధ్రం చుట్టూ, కుళాయి అడుగున చేతికి జారుడుగా తగిలే పొర ఇదే. ఇది సూక్ష్మజీవులు తమ రక్షణకై తామే నిర్మించుకొన్న గూడు. పైపైన నీరు పోస్తే ఇది పోదు. బ్రష్షుతో రుద్ది ఆ పొరను ఛేదించాలి.

నాల్గవది తుప్పు మరక. బోరు నీటిలో ఇనుము ఉన్న ఇళ్ళలో బేసినుపై ఎర్రని చార దిగుతుంది. దీనిపై బ్లీచింగ్ పౌడర్ వేస్తే మరక పోకపోగా మరింత స్థిరపడుతుంది, నిమ్మరసం పనిచేస్తుంది.

కావలసిన వస్తువులు

ఈ పనికి ఖరీదైన సీసాలేవీ అక్కరలేదు. ఒక మెత్తని గుడ్డ, ఆరిన మరొక గుడ్డ, పాత పళ్ళ బ్రష్షు, కొంచెం సబ్బుపొడి లేక కుంకుడు రసం, వంటసోడా, నిమ్మకాయ లేక వెనిగర్ చాలును. కిరాణా దుకాణంలో దొరికే నిమ్మ ఉప్పు మరింత చౌక. గ్లాసెడు గోరువెచ్చని నీటిలో రెండు చిన్న చెంచాల నిమ్మ ఉప్పు కలిపితే గారను కరిగించే ద్రావణం సిద్ధమవుతుంది.

వాడకూడనివి కూడా చెప్పుకోవాలి. ఇటుక పొడి, ఇసుక, ఇనుప పీచు బేసిను నునుపును గీస్తాయి. ఆ గీతలలో మురికి శాశ్వత నివాసం ఏర్పరచుకొంటుంది. కుళాయి మెరుపు దాని లోహానిది కాదు. ఇత్తడి కుళాయిపై నికెలు పూత, దానిపై మైక్రానుకన్నా పలుచని క్రోమియం పూత ఉంటాయి. ఇనుప పీచుకు ఆ పూత ఎంతకాలం నిలుస్తుంది? పాతకాలపు నికార్సయిన ఇత్తడి కుళాయిని చింతపండుతో తోమి చిలుము వదిలించవచ్చును గాని, పూత కుళాయికి ఆ పద్ధతి తగదు.

ఒక హెచ్చరిక

ఇక్కడ మా ఇంట జరిగిన ఒక సంగతి చెప్పక తప్పదు. ఒక రంజాను పండుగకు ముందురోజు మా తల్లిగారు ఇల్లంతా కడిగిస్తూ, స్నానాలగదిలోని బేసిను గార పట్టి ఉన్నదని దానిపై యాసిడ్ పోశారు. గార కొంత పోయినది, పచ్చని మరక మిగిలినది. ఒకటి మంచిదైతే రెండు మరింత మంచివి కదా అన్న భావనతో, దానిపైననే బ్లీచింగ్ పౌడర్ చల్లారు. వాసన బయటికి రాకూడదని తలుపు మూసుకొన్నారు. కొన్ని క్షణాలలో దగ్గుతెర. పిలుద్దామంటే గొంతు పెగలలేదు. తలుపు చప్పుడు విని వెళ్ళి ఆమెను పెరటిలోకి తీసుకొనివచ్చాము. ఆసుపత్రిలో ప్రాణవాయువు ఇచ్చారు. దైవకృపవలన కోలుకొన్నారు గాని, ఆ పండుగనాడు ఆమె షీర్‌ఖుర్మా వండలేదు. ఆ దగ్గు వారాలపాటు వదలలేదు.

ఆ యాసిడ్ సీసానూ, ఆ పొడి పొట్లాన్నీ కొని తెచ్చినవాడను నేనే. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం బ్లీచింగ్ పౌడర్‌తో కలిసినప్పుడు క్లోరిన్ వాయువు వెలువడుతుందని నల్లబల్లపై ఎన్ని పర్యాయాలు వ్రాశానో లెక్కలేదు. ఆ ఒక్క వాక్యం మా ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. 1915 ఏప్రిల్ 22న ఈప్ర్ యుద్ధరంగంలో సైనికులపై వదిలిన వాయువు ఇదేనని తరగతిలో గంభీరంగా చెప్పినవాడిని, మా తల్లిగారికి మాత్రం "ఈ రెండూ కలపవద్దు" అన్న నాలుగు మాటలు చెప్పలేదు. రసాయనశాస్త్రం చదివినవాడు బేసిను కడగడు. బేసిను కడిగేవారికి ఆ శాస్త్రం ఎవరూ చెప్పరు. ప్రమాదం ఈ రెంటి నడుమనే పొంచియున్నది.

బ్లీచింగ్ పౌడర్ చెడ్డదని నా భావం కాదు. గ్లాస్గోకు చెందిన చార్లెస్ టెన్నెంట్ 1799లో పేటెంట్ పొందిన ఈ పదార్థంతోనే 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు తోటివైద్యులచేత చేతులు కడిగించి, బాలింతల మరణాలను గణనీయంగా తగ్గించాడు. అది క్రిములకు మందు, గారకు కాదు. యాసిడ్ గారను కరిగించేమాట నిజమే; కాని క్రోమియం పూతనూ, స్టెయిన్‌లెస్ స్టీలునూ, మొజాయిక్ గచ్చునూ, పాలరాతినీ కూడా తింటుంది. యాసిడ్ దాడులను అరికట్టే ఉద్దేశంతో సుప్రీంకోర్టు 2013లోనే దుకాణాలలో యాసిడ్ అమ్మకంపై ఆంక్షలు విధించినది. ఇంటి బేసినుకు దాని అవసరమే లేదు.

కావున మూడు నియమాలు గుర్తుంచుకోవాలి. బ్లీచింగ్ పౌడర్‌తో ఏ ఆమ్లాన్నీ - యాసిడ్‌ను గాని, మరుగుదొడ్డి కడిగే ద్రవాన్ని గాని, వెనిగర్‌ను గాని, నిమ్మ ఉప్పును గాని - కలపరాదు. అమ్మోనియా గల ద్రవాలనూ కలపరాదు. ఏ ద్రావణమైనా త్రాగునీటి సీసాలో, శీతలపానీయపు సీసాలో పోసి ఉంచరాదు. తలుపూ కిటికీ తెరచి ఉంచి పనిచేయాలి. పొరపాటున ఘాటైన వాసన వచ్చినట్లయితే, సర్దడానికి ప్రయత్నించక వెంటనే బయటి గాలిలోకి రావాలి.

శుభ్రపరచు క్రమం

వారానికి ఒక పర్యాయం, తీరిక చూసుకొని ఈ పని పూర్తిచేయవచ్చును. క్రమం తప్పకపోవుట ముఖ్యం. జిడ్డు పొర క్రింద ఉన్న గారను ఆమ్లం తాకలేదు కనుక ముందు జిడ్డును వదిలించాలి.

1. సబ్బుపెట్టె, బ్రష్షులు, దువ్వెనలు అన్నీ తీసివేయాలి. జాలీపై చిక్కిన వెంట్రుకలను చేతితో తీసి చెత్తబుట్టలో వేయాలి. నీటితో లోపలికి తోయరాదు.

2. గోరువెచ్చని నీటిలో సబ్బుపొడి కలిపి, గుడ్డను ముంచి, కుళాయి పైనుండి ఆరంభించి బేసిను అడుగువరకు తుడవాలి. మరుగునీరు పోయరాదు, పింగాణీ బీటువారవచ్చును, ప్లాస్టిక్ గొట్టం మెత్తబడవచ్చును.

3. మొండి జిడ్డుపై తడి వంటసోడా అద్ది వ్రేళ్ళతో రుద్దాలి. సోడానూ వెనిగర్‌నూ కలిపితే బుసబుస పొంగుతుంది. ఆ పొంగును చూసి బలమని భ్రమపడవద్దు. ఆమ్లమూ క్షారమూ పరస్పరం నిర్వీర్యం చేసుకొంటాయి. రెంటినీ వేరువేరుగా వాడుటే లాభం.

4. బాగుగా కడిగిన పిదప, గార ఉన్నచోట నిమ్మ ఉప్పు ద్రావణంలో ముంచిన గుడ్డను చుట్టి పావుగంట ఉంచాలి. గార కరుగుతూ చిన్న బుడగలు రావడం గమనించవచ్చును. మెత్తబడిన పొరను పళ్ళ బ్రష్షుతో తొలగించాలి. మందమైన గారను ఒక్కనాడే వదిలించాలని పట్టుపట్టక, రెండు మూడు వారాలు ఇదే విధంగా చేయాలి. ద్రావణాన్ని రాత్రంతా వదిలివేస్తే కుళాయి పూత చెడుతుంది.

5. కుళాయి మూతిలో మరతో బిగించిన జాలీ ఉంటే విప్పి, నిమ్మ ఉప్పు నీటిలో అరగంట నానబెట్టి, బ్రష్షుతో రుద్ది తిరిగి బిగించాలి. నీటిధార వంకరగా చిమ్ముటకూ, సన్నబడుటకూ తరచుగా ఈ జాలీలో చిక్కిన ఇసుకా గారలే కారణం.

6. కుళాయి పిడిని మరువరాదు. మురికి చేతితో తెరుస్తాము. కడిగిన చేతితో మూస్తాము. చేతులు కడుగుట 2020లో కరోనా కాలాన లోకమంతటికీ తెలిసినది గాని, పిడిని కడుగుట ఇంకా తెలియవలసియున్నది.

7. పాచి ఎక్కువగా ఉంటే, ఆమ్లం వాడిన రోజున కాక మరొకనాడు, లీటరు నీటిలో చిన్న చెంచాడు బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరిన నీటిని జాలీ చుట్టూ పోసి పది నిమిషాల తరువాత ధారాళంగా కడగాలి.

8. చివరగా ఆరిన గుడ్డతో అంతా తుడిచి పొడిగా ఉంచాలి. నీటిబొట్టే ఆరకుండా ఉంటే గార ఎక్కడినుండి వస్తుంది? రాత్రి పడుకొనబోయే ముందు అర నిమిషం తుడిచే ఇంటిలో వారపు శ్రమ సగానికి సగం తగ్గుతుంది.

బేసిను క్రింద సీసా ఆకారంలో ఉండే అమరికను బాటిల్ ట్రాప్ అంటారు. దానిలో ఎల్లప్పుడూ కొంత నీరు నిలిచి, మురుగుకాలువ దుర్వాసననూ బొద్దింకలనూ అడ్డగిస్తుంది. ఈ నీటి అడ్డు అన్న ఉపాయానికి అలెగ్జాండర్ కమ్మింగ్ 1775లో మరుగుదొడ్డి విషయమై పేటెంట్ పొందాడు. వేసవి సెలవులకు ఊరికి వెళ్ళివచ్చినప్పుడు బేసిను కంపుకొడితే ఆ నీరు ఆవిరి అయినదని గ్రహించి రెండు చెంబుల నీరు పోస్తే చాలును. నీరు నిదానంగా పోతున్నట్లయితే క్రింద బకెట్టు పెట్టి, ట్రాప్ అడుగుభాగాన్ని చేతితో విప్పి, పేరుకొన్న మడ్డిని కడిగి బిగించాలి.

కారే కుళాయి

బేసినుపై ఒకేచోట గార పడుతూ ఉంటే కుళాయి కారుతున్నదని అర్థం. పిడిని బలంగా బిగించుట పరిష్కారం కాదు. లోపలి రబ్బరు వాషర్ అరిగి ఉంటుంది. బేసిను క్రిందనున్న యాంగిల్ కాక్‌ను మూసి, కుళాయి తల విప్పి, కొద్దిపాటి ఖరీదుగల వాషర్‌ను మార్చితే చాలును. సెకనుకు ఒక బొట్టు చొప్పున, ఇరవై బొట్లు ఒక మిల్లీలీటరుగా లెక్కించినా, దినానికి నాలుగు లీటర్లకు పైగా నీరు పోతుంది. నెలకు దాదాపు 130 లీటర్లు.

ప్రవక్త మహమ్మదు (స) ఒక ముద్ద్ కొలత నీటితో వజూ ముగించేవారని హదీసులు తెలుపుతున్నవి. అది నేటి లెక్కలో సుమారు ముప్పావు లీటరు. పారే నది ఒడ్డున ఉన్నప్పటికీ నీటిని వృథా చేయరాదన్న భావం కూడా హదీసులలో ఉన్నది. కుళాయి పూర్తిగా తెరచి మనం చేసే వజూకు ఎంత నీరు పడుతున్నదో ఒక్క పర్యాయం బకెట్టు పెట్టి కొలవండి. గోదావరి గట్టున ఉన్నవారమైన మనకు ఆ బోధ ఇతరులకన్నా ఎక్కువగా వర్తిస్తుంది. మరొక మాట: వజూ సమయంలో పాదాన్ని ఎత్తి బేసినులో పెట్టుట ఇళ్ళలో వాడుక. గోడకు వ్రేలాడే బేసిను మనిషి బరువును మోసేందుకు చేసినది కాదు. పాదాలకు క్రింద ఒక కుళాయి, ఒక పీట ఏర్పరచుకొనుట క్షేమం.

విద్యార్థి మిత్రులారా! ఈ వ్యాసంలో మీకు తెలియని రసాయనశాస్త్రం బహుశా ఏమీ లేదు. ఇవన్నీ మీరు పరీక్షలలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్న సంగతులే. అయితే ఈ సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు రెండు పనులు చేయండి. మొదటిది, బేసినును మీ చేతులతో మీరు ఒక్కసారి శుభ్రంగా కడగండి. అది తల్లి పని అనీ, అక్కచెల్లెళ్ళ పని అనీ, పనిమనిషి పని అనీ తలంచవద్దు. రెండవది, ఏ రెండు సీసాలను కలపకూడదో ఇంటిలో అందరికీ, పనికి వచ్చే ఆమెకు కూడా, వారికి అర్థమయ్యే మాటలలో చెప్పండి. ఉర్దూలో చెబుతారో, తెలుగులో చెబుతారో మీ ఇష్టం; చెప్పుట మాత్రం మరువవద్దు. నేను చెప్పవలసిన దినాన చెప్పలేదు.